ఎంపీ గారి ఓటు ఎక్కడ రాసి ఉంది?

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక పట్టిక తిరగడం మొదలవుతుంది. ఎంపీ పేరు, సభకు హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు. పదో తరగతి మార్కుల మెమోలా ఉంటుంది కాబట్టి ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఈ అంకెలు చాలావరకు పీఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థ పార్లమెంటు రికార్డుల్లోంచి ఏరి పెట్టినవే. వాటిలో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. కాకపోతే ఓటు గురించి ఆ పట్టికలో ఒక్క గడి కూడా ఉండదు. చట్టాలు చేయమని ఢిల్లీకి పంపిన మనిషి ఏ చట్టానికి అవునన్నాడో, దేనికి కాదన్నాడో మాత్రం తెలియదు.

ఇది పట్టిక వేసినవాళ్ల బద్ధకం కాదు. చాలా బిల్లుల విషయంలో అలాంటి రికార్డే పుట్టలేదు.

దీనికి వరంగల్ వాళ్లు దూరం పోయి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది. అంతకు ఐదు రోజుల ముందే సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన గొడవ జరిగింది. బిల్లు గట్టెక్కిన రోజున టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా సరేనంది. రెండు చోట్లా మూజువాణి ఓటే. అంటే ‘అవును’ అన్నవాళ్ల గొంతే గట్టిగా వినపడిందని అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లు తేల్చారు, బిల్లు పాసైంది. 1969 నుంచి కాకతీయుల గడ్డ మీద ఇన్ని ధర్నాలు, ఇన్ని చావులు ఏ నిర్ణయం కోసం జరిగాయో, ఆ నిర్ణయానికి ఓటేసినవాళ్ల పేర్ల జాబితా పార్లమెంటు పుస్తకాల్లో లేదు. ‘తెలంగాణకు నేను ఓటేశాను’ అని ఏ పాత ఎంపీ చెప్పినా కాదనడానికి కాగితం లేదు. అవుననడానికీ లేదు.

అలా ఎందుకయిందంటే, కొత్త రాష్ట్రం రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద ఏర్పడుతుంది. దానికి మామూలు మెజారిటీ చాలు. రాజ్యాంగ సవరణ అయితే కథ వేరు. మొత్తం సభ్యుల్లో సగం మంది దాటాలి, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు ఉండాలి, కాబట్టి తలలు లెక్కపెట్టక తప్పదు. మామూలు బిల్లుకు ఆ బాధ లేదు. ఎవరైనా గట్టిగా పట్టుబడితేనే లెక్క.

సభలో ఓటింగ్ ఎప్పుడూ గొంతుతోనే మొదలవుతుంది. స్పీకర్ అనుకూలం వాళ్లను, వ్యతిరేకం వాళ్లను అడిగి, ‘అవునన్నవారిదే పైచేయి అనుకుంటాను’ అంటారు. ఒప్పుకోని సభ్యుడు అప్పుడు ‘డివిజన్’ అనాలి. లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, క్యాంటీన్‌లో ఉన్నవాళ్లు కూడా పరుగెత్తుకొస్తారు, తలుపులు మూస్తారు. సీటు ముందు పచ్చ బటన్ అవునుకు, ఎర్ర బటన్ కాదుకు, పసుపు బటన్ తటస్థానికి. బటన్ పని చేయకపోయినా, తొందరలో తప్పు నొక్కినా చీటీ మీద రాసిస్తారు. ఈ తతంగం జరిగితేనే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా చర్చల సంపుటంలో అచ్చవుతుంది. అయితే నిబంధనల్లోనే ఒక సందు ఉంది. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే, ఇరు పక్షాల వాళ్లను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి ఊరుకోవచ్చు. అప్పుడు పేర్లు రాయరు.

హన్మకొండలో చాలా ఇళ్లల్లో ఒక కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. వాళ్లుండే చోట పద్ధతి వేరు. అక్కడి కాంగ్రెస్‌లో హాజరైన సభ్యుల్లో ఐదో వంతు మంది అడిగితే ఓట్లను పేర్లతో నమోదు చేయాల్సిందేనని ఆ దేశ రాజ్యాంగమే చెప్పింది. ప్రతి బిల్లు మీదా దాన్ని పెట్టిన సభ్యుడి పేరు, మద్దతిచ్చిన వాళ్ల పేర్లు ఉంటాయి. ఇరవై ముప్పై ఏళ్లు సభలో ఉన్న మనిషి బతుకంతా అలా పేజీల కొద్దీ తెరిచి చదువుకోవచ్చు. ఆ పద్ధతి చూసి అలవాటైన కళ్లతో మన ఎంపీ రికార్డు తెరిస్తే తెల్ల కాగితం కనపడినట్టుంటుంది. మనవాళ్లు పని చేయరని దాని అర్థం కాదు. మన పార్లమెంటు ఆ పనిని రాసిపెట్టే తీరు వేరు, అంతే.

రాసిపెట్టకపోవడం వల్ల నష్టమెంతో 2020 సెప్టెంబర్ 20న తేలింది. వ్యవసాయ బిల్లులు ఆ రోజు రాజ్యసభకు వచ్చాయి. మార్కెట్ యార్డు బయట కూడా పంట కొనుగోళ్లకు దారి తెరిచే బిల్లు అందులో ఉంది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలుకొచ్చే రైతుకు అంతకన్నా దగ్గరి సంగతి ఇంకేం ఉంటుంది? ప్రతిపక్షాలు డివిజన్ అడిగాయి. టీఆర్‌ఎస్ కూడా బిల్లులను వ్యతిరేకించింది. గందరగోళం మధ్య మూజువాణి ఓటుతోనే పని కానిచ్చేశారు. ఏడాది దాటాక, 2021 నవంబర్ 29న, ఆ చట్టాలను రద్దు చేసే బిల్లు కూడా చర్చ లేకుండా ఒక్క రోజులోనే రెండు సభలూ దాటిపోయింది. చట్టం వచ్చినప్పుడూ పేర్లు లేవు, పోయినప్పుడూ లేవు.

రికార్డు ఉన్న చోట ఏం కనిపిస్తుంది?

రాజ్యాంగ సవరణలు, గట్టి పోటీ ఉన్న కొన్ని బిల్లులు. డివిజన్ జరిగేది ఎక్కువగా వీటికే. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 454–2తో నెగ్గింది. 2019 జనవరి 8న అగ్రవర్ణ పేదల 10 శాతం కోటా 323–3తో నెగ్గింది. ఇలాంటి ఓట్లు చూసి ఏ ఎంపీ గురించీ పెద్దగా తెలుసుకునేది ఉండదు. ఊరంతా ఒక దిక్కు నడిచినప్పుడు మన మనిషీ అటే నడిచాడు. కాదన్న ఆ ఇద్దరి, ఆ ముగ్గురి గురించే అవి చెబుతాయి. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ పేరు రెండు జాబితాల్లోనూ ఉంది.

పోటాపోటీగా జరిగిన ఓటింగుల్లో అసలు సంగతి ఉంటుంది. 2019 డిసెంబర్ 9న పౌరసత్వ సవరణ బిల్లుకు లోక్‌సభలో వచ్చిన లెక్క 311–80. బీజేపీ తెచ్చిన బిల్లది, టీఆర్‌ఎస్ వ్యతిరేకించింది. ఆ సభలో ఉత్తర తెలంగాణ ఆరు సీట్లలో ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్ బీజేపీవి. పెద్దపల్లి, వరంగల్, మహబూబాబాద్ టీఆర్‌ఎస్‌వి. ఐదేళ్లు గడిచి 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు వచ్చింది, లోక్‌సభలో 288–232. ఇది కూడా బీజేపీ ప్రభుత్వం పెట్టినదే, కాంగ్రెస్ వ్యతిరేకించింది. ఈ సభలో ఆ మొదటి మూడు సీట్లు మళ్లీ బీజేపీవే, తర్వాతి మూడు కాంగ్రెస్‌వి. అంటే టీఆర్‌ఎస్ పోయి కాంగ్రెస్ వచ్చింది, ఆ మూడు సీట్లలోనూ ఎంపీలు మారారు, కానీ పార్టీల వైఖరిని బట్టి చూస్తే ఆరు సీట్లు చీలిన గీత మాత్రం అంగుళం కూడా జరగలేదు.

దీన్ని ఎంపీల రికార్డు అనాలా, సీట్ల రికార్డు అనాలా, పార్టీల రికార్డు అనాలా అని అడిగితే మూడోదే దగ్గరి జవాబు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. అప్పటి నుంచి పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేసినా, ఓటేయకుండా ఉండిపోయినా సభ్యత్వమే పోవచ్చు. పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమిస్తే తప్ప. మూడింట ఒక వంతు మంది కలిసి చీలిపోతే రక్షణ ఉండేది, 2003లో 91వ సవరణ దాన్నీ తీసేసింది. ఆ తర్వాత సభలో ఓటేసేది చెయ్యి ఎంపీది, మనసు పార్టీది. ఈ సంగతి మరిచిపోయి ‘మా ఎంపీ ఎంత ధైర్యంగా ఓటేశాడో’ అని పోస్టులు పెట్టేవాళ్లను చూస్తే కొంచెం నవ్వొస్తుంది. ధైర్యం విప్‌ను కాదన్నప్పుడు కదా తెలిసేది.

గైర్హాజరు సంగతి ఇంకా చిక్కు. డివిజన్ జాబితాలో ఓటేసిన వాళ్ల పేర్లుంటాయి, రాని వాళ్ల పేర్లుండవు. 2019 జూలై 30న తక్షణ త్రిపుల్ తలాక్‌ను నేరంగా చేసే బిల్లు రాజ్యసభలో 99–84తో గట్టెక్కింది. తేడా 15. టీఆర్‌ఎస్‌తో సహా కొన్ని పార్టీలు ఓటింగ్‌లో పాల్గొనలేదు. అప్పుడు రాజ్యసభలో బీజేపీ కూటమికి సొంత మెజారిటీ లేదు. అంటే రాని వాళ్లే సగం పని చేశారు. కాగితం మీద మాత్రం వాళ్లు అటూ కాదు, ఇటూ కాదు. వాకౌట్ చేసిన పార్టీ ఊళ్లో ఒక మాట, ఢిల్లీలో ఒక మాట చెప్పుకునే వీలు అక్కడే దొరుకుతుంది.

పీవీ, పద్నాలుగు ఓట్లు

ఓటు గురించి మాట్లాడుతూ పీవీ నరసింహారావును దాటిపోవడం ఈ జిల్లా వాళ్లకు కుదరదు. 1921లో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మనిషి. మంథని నుంచి 1957–77 మధ్య ఎమ్మెల్యే. 1977లో, 1980లో హన్మకొండ ఎంపీ. దేశంలో ఎంపీని ఏ కొలమానాలతో కొలుస్తున్నామో వాటిలో మూడింటి మూలాలు ఆయన ప్రధానిగా ఉన్న ఒకే ఒక్క ఏడాదిలో, 1993లో ఉన్నాయి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో శాఖలవారీ స్థాయీ సంఘాలు మొదలయ్యాయి. అప్పుడు 17, ఇప్పుడు 24. సభలో గొడవలతో రోజులు గడిచిపోయినా ఈ సంఘాల్లో బిల్లులను వాక్యం వాక్యంగా చూస్తారు. ఇక్కడ విప్ నడవదు. సమావేశాలు గుట్టుగా జరుగుతాయి కానీ, నివేదిక వెనక ఏ రోజు ఎవరు వచ్చారో, ఎవరు అసమ్మతి రాసిచ్చారో ఉంటుంది. ఎంపీ సొంత బుర్రతో పని చేశాడా లేదా అన్నది తెలుసుకోవాలంటే ఆ నాలుగు వాక్యాల అసమ్మతి పత్రాన్ని మించిన ఆధారం లేదు. వాట్సాప్ పట్టికలో దానికి గడి లేకపోవడమే విచిత్రం.

డిసెంబర్ 23న ఎంపీ ల్యాడ్స్ ప్రకటించారు. నియోజకవర్గంలో పనులకు ఎంపీ చేతికి వచ్చే నిధులివి, ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. అది వచ్చాక ఎంపీ అంటే బోరు, బస్ షెల్టర్, కమ్యూనిటీ హాలు, హైమాస్ట్ లైటు అయిపోయాడు. శిలాఫలకం మీద పేరు కనపడుతుంది, చర్చల సంపుటంలో పేరు ఎవరూ వెతకరు. ఈ పథకం వల్ల ఊళ్లకు మేలు జరగలేదని కాదు. చట్టసభ సభ్యుడిని సర్పంచ్‌ను కొలిచే తూకంతో కొలవడం అలవాటైంది.

ఈ రెంటికీ మధ్య, జూలై 28న, అవిశ్వాస తీర్మానం. పీవీ అప్పుడు నంద్యాల ఎంపీ, మైనారిటీ ప్రభుత్వానికి ప్రధాని. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. పద్నాలుగు ఓట్లతో ప్రభుత్వం నిలిచింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు, ఇంకొందరు డబ్బు తీసుకుని తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశారని కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 3–2తో తీర్పిచ్చింది. పార్లమెంటులో వేసిన ఓటుకు సంబంధించి ఏ సభ్యుడినీ కోర్టుకు లాగకూడదని 105వ అధికరణం చెబుతోంది కాబట్టి, లంచం తీసుకుని ఓటేసిన వాళ్లకు రక్షణ ఉందన్నది. అదే ఆరోపణ ఉన్న అజిత్ సింగ్ ఆ రోజు ఓటు వేయలేదు. ఓటు లేదు కనుక రక్షణ కూడా లేదు. అంటే ఓటింగ్ రికార్డే ముద్దాయికీ రక్షణ దొరికినవాడికీ మధ్య గీత గీసింది. డబ్బు తీసుకుని పని చేసి పెట్టినవాడు బయట, చేయనివాడు లోపల. చట్టం చదువుకోని మనిషికి కూడా ఇదేదో తిరకాసుగా అనిపిస్తుంది, న్యాయశాస్త్రం చదివిన చాలామందికి కూడా అలాగే అనిపించింది.

లంచం ఇచ్చారన్న ఆరోపణకు ఈ రక్షణ వర్తించదు కాబట్టి పీవీ మీద విచారణ సాగింది. 2000లో కింది కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. సరిగ్గా నెల తిరక్కుండానే, మార్చి 4న, సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. లంచం చేతికి తీసుకోవడంతోనే నేరం పూర్తయింది, ఆ తర్వాత ఓటు ఎటు వేశాడన్నది అనవసరం అన్నది. లా కాలేజీల్లో ఆ పాత తీర్పును ఇప్పటికీ ‘పీవీ నరసింహారావు కేసు’ అనే పిలుస్తారు. హన్మకొండ మాజీ ఎంపీ పేరు మీద దేశంలో మిగిలిన ఓటింగ్ రికార్డు ఇది.

శుక్రవారం సాయంత్రం బిల్లులు

ఇక బిల్లుల గడి. మంత్రి కాని ఏ సభ్యుడైనా సొంతంగా బిల్లు పెట్టొచ్చు, దాన్నే ప్రైవేటు మెంబర్ బిల్లు అంటారు. నెల ముందు నోటీసివ్వాలి. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ఈ పనికి. అందులోనూ ఒక వారం బిల్లులకైతే ఇంకో వారం తీర్మానాలకు. ఏ బిల్లు ముందు చర్చకు రావాలో లాటరీ తేలుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నానికి సొంత ఊరి విమానం ఎక్కే ఎంపీలెందరో శంషాబాద్‌లో దిగే వాళ్లను చూస్తే తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు చట్టమైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే. చిట్టచివరిది 1970లో. మొదటిది ఏమిటో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది, 1952లో పెట్టిన ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. డెబ్బై ఏళ్ల కిందట ఒక మామూలు సభ్యుడు పెట్టి నెగ్గించుకున్న విషయం మీద 2025లో ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ అర్ధరాత్రి దాకా కొట్లాట జరిగింది. ఫిరోజ్ గాంధీ 1956లో పెట్టిన బిల్లు కూడా ఆ పద్నాలుగింట్లో ఉంది. పార్లమెంటులో జరిగింది పత్రికలు నిర్భయంగా అచ్చేసుకునే హక్కు దాంతోనే వచ్చింది.

మిగిలిన వేలాది బిల్లుల గతి? లోక్‌సభలో పెట్టినవైతే ఆ సభ రద్దయిన రోజే అన్నీ మురిగిపోతాయి. అలాగని అవి దండగ అనుకోవడం పొరపాటు. ప్రైవేటు బిల్లు అసలు పని చట్టం కావడం కాదు, ప్రభుత్వం చెవిలో వేయడం. తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ హక్కుల మీద పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. కానీ ఆ విషయం మీద ప్రభుత్వమే బిల్లు తెచ్చుకోక తప్పలేదు, 2019లో చట్టమైంది. విప్ పెత్తనాన్ని అవిశ్వాసం, బడ్జెట్ లాంటి వాటికే పరిమితం చేయాలని 2010లో మనీష్ తివారీ పెట్టిందీ ప్రైవేటు బిల్లే. విప్ ఉన్న సభలో విప్‌ను తగ్గించే బిల్లు నెగ్గుతుందని ఆయనా అనుకుని ఉండరు.

అందుకే ఒక ఎంపీ ఎన్ని బిల్లులు పెట్టాడన్న అంకె వట్టిది. ఇరవై బిల్లులు పెట్టి ఒక్కదాని గురించీ మళ్లీ మాట్లాడని వాళ్లుంటారు. ఒకే బిల్లు పెట్టి, అదే విషయం మీద ప్రశ్నలడిగి, జీరో అవర్‌లో లేచి, 377 నిబంధన కింద ఆ విషయాన్ని సభ ముందు పెట్టి, సంఘంలో పట్టుబట్టే వాళ్లుంటారు. రెండో రకం వాళ్లను పట్టుకోవాలంటే అంకెలు కాదు, ఒక విషయం పేరు పెట్టి ఐదేళ్ల రికార్డు వెతకాలి.

పైగా మంత్రులకు ఈ గడులన్నీ ఖాళీయే. వాళ్లు ప్రశ్నలు అడగరు, జవాబు చెబుతారు. ప్రైవేటు బిల్లులు పెట్టలేరు, హాజరు పట్టీలో సంతకం చేయనక్కర్లేదు. కరీంనగర్ ఎంపీ బండి సంజయ్ 2024 జూన్‌లో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు కాబట్టి ఆ కొలతల్లో ఆయన్ను తూచలేం. 1980–84లో హన్మకొండ ఎంపీ విదేశాంగ మంత్రి, ఆ తర్వాత హోం మంత్రి. నేటి పట్టిక వేసి ఉంటే పీవీ గారి ప్రశ్నలు సున్నా, బిల్లులు సున్నా. హన్మకొండ ఓటర్లు 1984 చివర్లో ఆయన్ను ఓడించి బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డిని గెలిపించారు. దేశం మొత్తం మీద ఆ పార్టీకి ఆ ఎన్నికల్లో వచ్చినవి రెండే సీట్లు. ఢిల్లీలో పెద్ద మంత్రి కావడం ఊళ్లో మార్కులు తెచ్చిపెట్టదని అప్పుడే తేలింది. ఏడుసార్లు లోక్‌సభకు గెలిచిన గడ్డం వెంకటస్వామి విషయం ఇంకో తీరు. సింగరేణి పల్లెల్లో బొగ్గుగని కార్మికుల పింఛను అనగానే ‘కాకా’ పేరే చెబుతారు. ఎన్ని ప్రశ్నలడిగాడో ఎవరూ చెప్పరు.

ఒక్క మాట తేడా

ఏ రికార్డు చూడాలో తేల్చుకోవడానికి కాజీపేట, ములుగు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూల్‌లో తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, రైల్వే కోచ్ ఫ్యాక్టరీ ఉంది, ఉక్కు కర్మాగారం కూడా ఉంది. విశ్వవిద్యాలయం గురించి ‘ఏర్పాటు చేయాలి’ అని రాశారు. కోచ్ ఫ్యాక్టరీ గురించి ‘ఆరు నెలల్లోగా సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి’ అని రాశారు. ఉక్కు కర్మాగారానికీ అదే పరిశీలన. ఆ ఉక్కు కర్మాగారం కోసం ఎదురుచూసే బయ్యారం వాళ్లు ఇన్నేళ్లుగా ధర్నాలు చేస్తున్నది ఆ ఒక్క క్రియాపదం మీదే అనుకోవచ్చు.

‘ఏర్పాటు చేయాలి’ అన్నది కూడా తొందరగా రాలేదు. ఆంధ్రప్రదేశ్ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లోనే చట్టం వచ్చింది. తెలంగాణది 2023 డిసెంబర్ దాకా ఆగింది. కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టాన్ని సవరించి, ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద పెట్టారు. అంచనా వ్యయం 889 కోట్లు. కానీ ఆలస్యమైనా ఆ మాట చట్టంలో ఉంది కనుక ప్రతి సమావేశంలో ‘ఎప్పుడు ఏర్పాటు చేస్తారు’ అని అడగడానికి ఎంపీలకు పట్టు దొరికింది. ‘పరిశీలించాలి’ దగ్గర ఆ పట్టు లేదు. ‘పరిశీలించాం, లాభం లేదు’ అంటే చట్టం పాటించినట్టే. ఎనభైల మొదట్లో కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయిన బాధ ఉన్న ఊరికి, ముప్పై ఏళ్ల తర్వాత చట్టం ఇచ్చింది ఒక పరిశీలన. చివరికి 2023 జూలై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే తయారీ యూనిట్ ఈ షెడ్యూల్‌ను చూపించి కట్టింది కాదు, రైల్వే శాఖ వేరుగా తీసుకున్న నిర్ణయం.

ఆ క్రియాపదాన్ని మార్చమని సవరణ పెట్టడానికి ఒక్క ఎంపీ చాలు. సవరణ ఓడిపోయినా డివిజన్ జరిగి ఉంటే ఎవరెవరు కాదన్నారో ఈపాటికి కాజీపేట చౌరస్తాలో ఫ్లెక్సీ ఉండేది. 2014 ఫిబ్రవరిలో సభ ఉన్న స్థితిలో అది కుదిరే పని కాదు. బిల్లు బయటపడితే చాలని అందరూ ఊపిరి బిగబట్టిన రోజులవి. ఆ తొందరను తప్పు పట్టలేం గానీ, దాని ఖరీదు ఎంతో బయ్యారంలో అడిగితే చెబుతారు.

నిజామాబాద్ పసుపు బోర్డు కథలో ఇక బిల్లే లేదు. 2019 ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో బరిలో 185 మంది మిగిలారు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. 2023 అక్టోబర్‌లో బోర్డు నోటిఫికేషన్ వచ్చింది, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో ఆఫీసు తెరిచారు. సభలో ఓటింగ్ లేదు, డివిజన్ లేదు. ప్రభుత్వ ఉత్తర్వుతో అయిపోయే పనికి ఎంపీ బిల్లుల గడిలో వెతికితే ఏం దొరుకుతుంది?

రాజీనామాల లెక్క

ఇవన్నీ చెప్పుకున్నాక ఉత్తర తెలంగాణ ఎంపీల రికార్డులో ఏ పట్టికకూ ఎక్కనిది ఒకటి మిగిలి ఉంది, రాజీనామా. సభలో ఓటు కన్నా సీటు వదులుకోవడమే ఎక్కువ మాట్లాడుతుందని ఇక్కడి రాజకీయం నమ్మింది. 2004లో కరీంనగర్ నుంచి గెలిచిన కేసీఆర్ కాంగ్రెస్ నేత ఎం. సత్యనారాయణరావు విసిరిన సవాలుకు 2006లో రాజీనామా చేసి, ఆ డిసెంబర్ ఉప ఎన్నికలో 2 లక్షలకు పైగా మెజారిటీతో తిరిగొచ్చారు. రాష్ట్రం కావాలని జనం ఓటేసి చెప్పినట్టుగా దాన్ని అందరూ చదివారు. ఏ ప్రైవేటు బిల్లూ అంత చప్పుడు చేసి ఉండేది కాదు.

అదే మంత్రం 2008లో మళ్లీ వేశారు. నలుగురు టీఆర్‌ఎస్ ఎంపీలు, కరీంనగర్, హన్మకొండ, వరంగల్, ఆదిలాబాద్, ఒకేసారి రాజీనామా చేశారు. మే నెలాఖరున ఉప ఎన్నికలు జరిగాయి. హన్మకొండలో బోయినపల్లి వినోద్ కుమార్ సీటు నిలబెట్టుకున్నారు. కరీంనగర్‌లో కేసీఆర్ గెలిచారు గానీ మెజారిటీ పదిహేను వేల చిల్లరకు పడిపోయింది. వరంగల్ తెలుగుదేశం అభ్యర్థి ఎర్రబెల్లి దయాకర్ రావుకు, ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయాయి. ఏడాది తిరిగేసరికి నియోజకవర్గాల పునర్విభజనలో హన్మకొండ లోక్‌సభ సీటే లేకుండా పోయింది, వరంగల్ ఎస్సీలకు, కొత్తగా వచ్చిన మహబూబాబాద్ ఎస్టీలకు రిజర్వ్ అయ్యాయి. ఇప్పుడు లోక్‌సభ వెబ్‌సైటులో వరంగల్ అని కొట్టి పాత రికార్డు వెతికే వాళ్లకు పీవీ కనపడరు, జంగారెడ్డి కనపడరు. హన్మకొండ అని వేరే కొట్టాలి.